నైజరు తీరపు గాయకుడు: అలీ ఫర్కా తూరె

పశ్చిమాఫ్రికాలోని మాలీ దేశంలో నైజరు నది సహారా ఎడారి అంచును ఒరసికొని ప్రవహిస్తుంది. ఆ తీరాన కనావు అనే పల్లెలో 1939లో అలీ ఇబ్రహీం తూరె జన్మించాడు. అంతకు ముందు పుట్టిన తొమ్మండుగురు బిడ్డలూ శైశవంలోనే మరణించారు. పదవవాడైనా దక్కాలని ‘ఫర్కా’ అని పిలిచారు. ఫర్కా అంటే గాడిద! మన పల్లెల్లో బిడ్డ దక్కాలని పెంటయ్య అని పేరు పెట్టడం వంటిదే ఇదీ.

ఆ దేశంలో గానం వంశపారంపర్య వృత్తి. అలీ కుటుంబం గాయక వంశానికి చెందినది కాదు. కనుక పెద్దలు హర్షించలేదు. అయినా బాల్యంలోనే ఒంటితీగ వాద్యం చేతబట్టాడు. 1956లో గినీ దేశపు కళాకారుడు కైతా ఫొదేబా బృంద ప్రదర్శన చూచి గిటారు వైపు మళ్ళాడు. ఒంటితీగపై అలవడిన వ్రేళ్ళ విన్యాసాన్నే ఆ పరదేశి వాద్యం మీదికి తెచ్చాడు. సోంగాయ్, ఫులానీ, తమషెక్, బంబారా భాషలలో పాడాడు. కొంతకాలం మాలీ రేడియోలో ధ్వని సాంకేతికుడుగా పనిచేశాడు.

అమెరికా నల్లజాతి గాయకుడు జాన్ లీ హుకర్ రికార్డులు విన్నప్పుడు ఆయనకు అది తన నేల సంగీతమే అనిపించింది. బ్లూస్ సంగీతానికి మూలకాండం ఆఫ్రికాలో ఉన్నదని, అమెరికాకు దక్కినవి కొమ్మలూ రెమ్మలేనని జీవితాంతం వాదించాడు. ఈ వాదంలో సగమే చరిత్ర అని నా అభిప్రాయం. బానిసలుగా ఓడలెక్కినవారితో స్వరాలూ సముద్రం దాటిన మాట నిజమే. కాని ఆ రికార్డులు ఆయన గిటారును తాకలేదని ఎవరనగలరు? ఇచ్చిపుచ్చుకోవడం ఇరువైపులా జరిగింది.

రై కూడర్‌తో కలిసి చేసిన ‘టాకింగ్ టింబక్టూ’ 1994లో వెలువడి, మరుసటి ఏడు గ్రామీ బహుమతి పొందింది. ఆయన మాత్రం నియాఫుంకే ఊరిలోని తన పొలానికే తిరిగి వెళ్ళాడు. తాను ప్రధానంగా రైతునని చెప్పుకొనేవాడు. 2004లో ఆ ఊరికి మేయరై రోడ్లకు, మురుగు కాలువలకు సొంత సొమ్ము వెచ్చించాడు. తుమానీ జాబాతేతో చేసిన రికార్డుకు రెండవ గ్రామీ వచ్చిన కొద్ది వారాలకే, 2006 మార్చిలో, ఎముకల క్యాన్సరుతో మరణించాడు.

2012లో ఉత్తర మాలీని ఆక్రమించిన సాయుధ వర్గాలు సంగీతాన్ని నిషేధించాయి. అలీ పాడిన నియాఫుంకేలోనూ పాట ఆగింది.

కుమారుడు వియు ఫర్కా సంగీతంలోకి రావడానికి అలీ మొదట సమ్మతించలేదన్నది విచిత్రం. ఒకనాడు తన పెద్దలు అభ్యంతరం చెప్పినట్లే ఆయనా చెప్పాడు! చివరికి మెత్తబడి, కుమారుని తొలి రికార్డులో తానూ గిటారు వాయించాడు. అది వెలువడేసరికి ఆయన లేడు.