అడుగలేనివారి గడపకు మనమే పోవలెను

కరువుగాని, తుపానుగాని, వడగాడ్పుగాని వచ్చినపుడు గ్రామములోని వారందరికిని కష్టము కలుగును. కాని ఆ కష్టము అందరిని సమానముగా బాధింపదు. కాలుసేతులు ఆడువాడు పొరుగూరికైనను పోయి కూలి తెచ్చుకొనును. నోరున్నవాడు పంచాయతీ కార్యాలయమునకు వచ్చి తన మొర వినిపించుకొనును. ఒంటరి వృద్ధురాలు, మంచము పట్టిన రోగి, చూపులేనివాడు, పసిబిడ్డలతో మిగిలిన వితంతువు మాత్రము రారు. కొందరు రాలేరు, కొందరికి అభిమానము అడ్డువచ్చును. సహాయము ఎవరికి ముందుగా అవసరమో వారే మన కంటికి కడపట కనబడుదురు. పంచాయతీ సభ్యులు గుర్తింపవలసిన మొదటి సంగతి ఇదియే.

ఈ పాఠము మనకు క్రొత్తది కాదు. 1876-78 సంవత్సరములలో దక్షిణ దేశమున ఘోరమైన క్షామము సంభవించినది. ధాత నామ సంవత్సరమున వచ్చినందున పెద్దలు దానిని ధాత కరువు అనిరి. కర్నూలు, కడప, బళ్లారి ప్రాంతములు మిక్కిలి నష్టపడినవి. ప్రభుత్వము పనులు తెరచి పనిచేయగలవారికి కూలి ఇచ్చినది. కాని పనిస్థలము వరకు నడువలేనివానికి ఆ కూలి అందదు గదా! 1880లో నివేదిక సమర్పించిన క్షామ విచారణ సంఘము, పనిచేయలేని వారిని వారి గ్రామములలోనే గుర్తించి అచ్చటనే సహాయము చేయవలెనని సూచించినది.

కోనసీమలోని లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841-1909) ఆకలిగొని వచ్చినవారికి వేళ చూడక అన్నము పెట్టి పేరుగాంచిరి. గడపకు వచ్చిన వానిని ఆదరించుట గృహస్థధర్మము. గడప దాటి రాలేని వానిని వెదకి ఆదరించుట పంచాయతీ ధర్మమని మేము తలచుచున్నాము. 1993లో అమలులోనికి వచ్చిన 73వ సవరణతో రాజ్యాంగమున చేరిన పదునొకండవ షెడ్యూలులోని 29 అంశములలో సాంఘిక సంక్షేమమును, బలహీనవర్గముల సంక్షేమమును గలవు.

2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో వడగాడ్పులకు వెయ్యిమందికి పైగా మరణించిరి. ఎండకు ముందుగా లొంగువారు వృద్ధులు, రోగులు, ఆరుబయట పనిచేయు కూలీలు. కావున కష్టకాలము రాకమునుపే చేయవలసిన పనులను ఇచ్చట తెలుపుచున్నాము.

మొదటిది, జాబితా. ప్రతి సభ్యుడును తన వార్డులోని ఇల్లిల్లు తిరిగి, ఒంటరిగా నున్నవారెవరు, నడువలేనివారెవరు, నిత్యము మందు వాడువారెవరు అని వ్రాసికొనవలెను. అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలకు ఈ సంగతులు చాలవరకు తెలిసియుండును.

రెండవది, పొరుగువారి పూచీ. జాబితాలోని ఒక్కొక్కరికి ఇద్దరు ఇరుగుపొరుగువారిని ఏర్పరుపవలెను. ఒకరు ఊరికి పోయినను మరియొకరుందురు. ఎండకాలమున వారు రోజుకు రెండుమార్లు తలుపు తట్టి, కుండలో నీరున్నదా, అన్నము తినిరా అని విచారింపవలెను. ఒళ్లు కాలుచు మాట తడబడినచో వెంటనే 108కి కబురుచేసి, నీడకు చేర్చి, తడిగుడ్డతో ఒళ్లు తుడిచి విసరవలెను. స్పృహలేనివారి నోట నీరు పోయరాదు.

మూడవది, ముందుగా తరలించుట. తుపాను హెచ్చరిక వచ్చినపుడు నడువలేనివారిని అందరికంటె ముందు, వారి మందులతోను కార్డులతోను సహా, సురక్షితమైన చోటికి చేర్చవలెను.

నాలుగవది, రావలసినది రాబట్టుట. అరిగిపోయిన వ్రేళ్లకు ముద్రపడలేదని ఏ వృద్ధుడైనను పింఛనుగాని బియ్యముగాని లేక తిరిగిపోయినచో, సభ్యుడు వెంటనుండి అధికారులతో మాటాడవలెను.

అయిదవది, మర్యాద. ఈ జాబితాను గోడకు అంటింపరాదు. పదిమందిలో నిలబెట్టి ఇచ్చిన బియ్యము ఆకలి తీర్చునేగాని మనసును గాయపరచును. అభిమానవంతురాలైన ముసలమ్మ అట్టి సహాయము కంటె పస్తునే కోరును. అప్పుడు లోపము ఆమెది కాదు, మనది.

వీటన్నిటికంటె కష్టమైన పని మరియొకటి కలదు. ఎన్నికలలో మనకు ఎదురు నిలిచిన వారి యిల్లు, మనము సాధారణముగా పోని వీథిలోని యిల్లు జాబితాలో విడిచిపోరాదు. దాహమునకు పక్షము లేదు. ఎవరి పేరు వ్రాయుటకు మన చేయి వెనుకాడునో, ఆ పేరే ముందు వ్రాయుట మేలు.

వచ్చు పంచాయతీ సమావేశమున సభ్యులు ఒక్క ప్రశ్న వేసికొనవలెనని మా మనవి: నేటి రాత్రి జబ్బుచేసినచో పలుకరించు దిక్కులేని యిండ్లు మన గ్రామములో ఎన్ని? ఆ సంఖ్య చెప్పలేకపోయినచో మరునాడు ఉదయమే వీథిలోనికి బయలుదేరవలెను.