పిడుదుల చలికాలపు నిద్ర

చలి ముదరగానే పశువులమీద పిడుదులు పలుచబడును. పీడ వదలినదని రైతు తలచును. తొలకరి పడిన పిమ్మట అవే పిడుదులు చెవులలోను, పొదుగు దగ్గరను, తోక మొదటను గుత్తులుగా కనబడును. ఈ నడుమ అవి ఎచ్చట నున్నవి? చచ్చినవి కొన్నియే, దాగినవి ఎక్కువ. కొన్ని జాతులైతే కాలమెరిగి నిదురించును. ఈ నిద్ర సంగతి బాగుగా శోధింపబడినది ఐరోపా గొర్రె పిడుదు విషయమున. ముందు దానిని గురించి చెప్పి, తరువాత మన కొట్టములకు వత్తుము.

ఈ పిడుదు స్కాట్లండు కొండలు మొదలు రష్యా వరకు కలదు. గ్రుడ్డునుండి వెలువడిన పిల్లకు ఆరు కాళ్లు. అది ఒకమారు నెత్తురు త్రాగి, నేలకు రాలి, కుబుసము విడిచి ఎనిమిది కాళ్లది యగును. అదియు మరియొక జంతువుపై త్రాగి, రాలి, పెద్దదగును. పెద్ద ఆడుది కడపటి మారు త్రాగి, నేలమీద గ్రుడ్లు పెట్టి చచ్చును. జీవితమున మూడే భోజనములు! దీనికంతకు సాధారణముగా మూడేండ్లు పట్టును. అందు జంతువుపై నుండునది కొద్ది వారములే. తక్కిన కాలమంతయు తడి గడ్డి మొదళ్లలోనే గడచును. పిడుదును పశువుమీదనే వెదకువారు ఈ లెక్కను మరువరాదు.

నిద్ర రెండు విధములు. మొదటిది ఆకలిగొన్న పిడుదు నిద్ర. శరత్కాలమున కుబుసము విడిచినది, పగళ్లు కురుచ యగుచుండుటచే, పలుమార్లు ఆ యేడు గడ్డికొనకు ప్రాకక వసంతము వరకు ఆగును. రెండవది నెత్తురు త్రాగినదాని నిద్ర. వసంతమున త్రాగిన పిల్ల ఆ యేడే కుబుసము విడుచును. ఆగస్టు, సెప్టెంబరులలో త్రాగినదో, కడుపు నిండియున్నను పెరుగుట మాని, మరుసటి వేసవికి గాని మారదు.

చలినిబట్టియే నిదురింపరాదా? వేడిమి మోసము చేయును. అక్టోబరులో నాలుగు వెచ్చని దినములు రావచ్చును, ఏప్రిలులో మంచు కురియవచ్చును. పగటి నిడివి మాత్రము ఏటేట ఒకే తీరున మారును. ఈ పిడుదుకు కన్నులు లేవు. అయినను వెలుతురు చీకట్లను గుర్తించును. లెనిన్‌గ్రాడులో బెలోజెరొవ్ అను శాస్త్రజ్ఞుడు, పిడుదులకు వెలుతురు గంటలను హెచ్చించియు తగ్గించియు ఈ సంగతి శోధించెను. అట్లని వేడిమికి పనిలేదనరాదు. కాలము తెలుపునది పగలు. పెరుగుదల వేగము వేడిమిది. నిద్ర వీడినను, గాలి వేడిమి సుమారు 7 సెంటిగ్రేడు డిగ్రీలకు చేరనిదే ఆ పిడుదు సాధారణముగా పైకెక్కదు.

ఈ పిడుదు గొర్రెలకు మెదడు జబ్బును, పశువులకు ఎర్రమూత్రపు జబ్బును అంటించును. డిసెంబరులో పిడుదు కానరాలేదని బీడును నమ్మిన కాపరి వసంతమున మందను పోగొట్టుకొనవచ్చును. ఒక్క శీతకాలము బీడు విడిచినంతనే అవి పోవు. ఆకలితోనే ఏడాదికి పైగా బ్రతుకగలవు.

ఇక మన సంగతి. స్కాట్లండు ఉత్తరమున పెద్ద పగలు సుమారు 18 గంటలు, చిన్న పగలు ఆరున్నర గంటలు. హైదరాబాదులో అవి సుమారు 13, 11 గంటలు మాత్రమే. మన పశువుల సామాన్యపు పిడుదు పిల్లనాటినుండి పెద్దదగువరకు ఒకే పశువుపై సుమారు మూడు వారములుండి, రాలి, రెండు మూడు వేల గ్రుడ్లు పెట్టును. దీనికి అట్టి నిద్ర కానరాదు. చలిలో గ్రుడ్లు పొదుగుట ఆలస్యమగును, అంతే. సంకర జాతి ఆవులకు థైలేరియా జ్వరము నంటించు పిడుదు వేరు. అది కొట్టపు గోడ పగుళ్లలో నక్కియుండును. ఆ జ్వరమున మెడ, తొడల దగ్గర బిళ్లలు ఉబ్బి, ఆవు నెత్తురు తగ్గి చచ్చుటయు కలదు.

కావున పిడుదులు తక్కువగా కనబడు నెలలలోనే కొట్టమును చూడవలెను. పగుళ్లను మట్టితోగాని సిమెంటుతోగాని పూడ్చి, గోడలకు సున్నము వేయించవలెను. పెంటను దూరముగా తీయించవలెను. పూర్వము వాడిన బి.హెచ్.సి. పొడి 1997లో నిషేధింపబడినది. ఇంటిలో మిగిలియున్నను ముట్టరాదు. పశువైద్యుడు చెప్పిన మందును చెప్పిన పాళ్లలో, మందలోని అన్ని పశువులకు ఒకే దినమున పట్టించవలెను. మరునాడెక్కిన పిల్ల మూడు వారములలో పెరిగి రాలును గనుక, రెండవ మారు ఎప్పుడు పట్టించవలెనో కూడ ఆ దినముననే అడిగి వ్రాసికొనుడు.