పదును ఆరకముందే

"ఏరా అబ్బాయ్, ఇప్పుడేం చదువుతున్నావు?"

కొల్లూరులో తెనాలి బస్సు కోసం నిలబడ్డ కుర్రాణ్ణి ఊరి పెద్దాయన అడిగే మొదటి మాట ఇదే. ఆయనకది పలకరింపు. ఏడాదిగా ఇంట్లో ఉన్నవాడికి మాత్రం బోనులో నిలబెట్టి అడిగినట్టుంటుంది. "లాంగ్ టర్మ్, బాబాయ్" అని గొణిగి ఫోనులోకి తల దించేస్తాడు. తిరిగి కాలేజీలో చేరాలంటే వాడికి సిలబస్ కన్నా ముందు అడ్డొచ్చేది ఈ తల దించుకోవడమే.

చదువు ఒక ఏడాది ఆగడానికి మన దగ్గర కారణాలు చాలా ఉంటాయి. నీట్‌లో ర్యాంకు చాలక మళ్లీ కోచింగ్‌కి వెళ్లినవాళ్లుంటారు. ఇంట్లో ఒకరు మంచాన పడితే ఆగిపోయినవాళ్లుంటారు. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. కొల్లూరు మండలం లంకలు మునిగాయి. చేను పోయిన ఏడాది ఇంటి పద్దుల్లో కాలేజీ ఫీజు వెనక్కి జరిగిందంటే ఎవరినీ తప్పు పట్టలేం. అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయం సీటిచ్చిన పిల్లలకి, కావాలంటే ఏడాది ఆగి రమ్మని తానే సలహా ఇస్తుంది. అక్కడ అది ముచ్చట. ఇక్కడ అదే ఏడాదికి పెట్టే పేరు 'ఖాళీగా ఉన్నాడు'.

నిజానికి మన మాగాణి రైతుకి ఖాళీ అంటే ఏమిటో బాగా తెలుసు. వరి కోతకి రెండు మూడు రోజుల ముందు, పైరు నిలబడి ఉండగానే చేలో మినుములు చల్లేవారు. కోత మిషన్లు, మొక్కజొన్న వచ్చాక ఆ పద్ధతి తగ్గింది గానీ, అందులోని తెలివి ఇప్పటికీ పనికొస్తుంది. దున్నరు, నీళ్లు పెట్టరు. వరి వదిలివెళ్లిన తేమ మీదే మినుము మొలిచి, రెండున్నర నెలల్లో కోతకొస్తుంది. దాని వేళ్ల బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టుకుంటాయి. అందులో కొంత తర్వాతి వరికి సత్తువగా మిగులుతుంది. షరతు ఒక్కటే: పదును ఉండగా గింజ పడాలి. నేల నెర్రెలు తీశాక ఎంత మేలురకం విత్తనం చల్లినా మొలక రాదు.

చదువుకీ ఆ పదును ఉంది. ఒక ఏడాది ఆగినంత మాత్రాన అది ఆరిపోదు. "ఇంకా సిద్ధం కాలేదు, వచ్చే జూన్లో చూద్దాం" అనుకుంటూ రెండో ఏడాదిలోకి జారినప్పుడు ఆరిపోతుంది.

అఫిడవిట్‌లో లేనిది రాయండి

తిరిగి చేరేటప్పుడు కొన్ని కాలేజీలు గ్యాప్‌కి నోటరీ అఫిడవిట్ అడుగుతాయి. స్టాంపు పేపరు మీద మామూలుగా ఉండేది ఇదీ: ఈ కాలంలో ఏ విద్యాసంస్థలోనూ చేరలేదు, ఏ చట్టవ్యతిరేక పనీ చేయలేదు. అన్నీ చేయని పనులే! చేసిన పనులకి అందులో చోటుండదు. ఆ చోటు మీరే కల్పించుకోండి. తెల్ల కాగితం తీసుకుని నెలవారీగా రాయండి. నాన్నని ఆసుపత్రికి తిప్పిన నెలలు, కొట్లో కూర్చుని లెక్కలు చూసిన రోజులు, రెండోసారి కూడా రాని ర్యాంకు, ఊరికే పడుకున్న రోజులు, అన్నీ రాయండి. ఎవరికీ చూపించక్కర్లేదు. లెక్క చేతిలో ఉన్నవాడు బస్సు దగ్గర తల దించుకోడు. "ఇంట్లో పని పడి ఆగాను బాబాయ్, ఈ జూన్లో చేరుతున్నా." అంతే, ఒక్క వాక్యం. అంతకన్నా ఎక్కువ సంజాయిషీ ఎవరికీ బాకీ లేము.

మరిచింది ఎక్కడికీ పోలేదు

ఇంకో భయం, చదివిందంతా మరిచిపోయామని. జర్మన్ మనస్తత్వవేత్త హెర్మన్ ఎబింగ్‌హాస్ తన మీదే ప్రయోగాలు చేసుకుని 1885లో ఒక సంగతి రాశాడు. పూర్తిగా మరిచిపోయాననుకున్న పాఠం కూడా రెండోసారి నేర్చుకునేటప్పుడు తక్కువ సమయంలో వస్తుంది. మొదటి చదువు జాడ లోపల ఉంటుందన్నమాట. అందుకే కాలేజీ తెరవడానికి నెల ముందే పాత పుస్తకం తీయండి. కష్టమైన అధ్యాయం జోలికి పోకుండా, ఒకప్పుడు బాగా వచ్చినదానితో మొదలుపెట్టండి. మొదటి వారం రోజుకి అరగంట చాలు, కదలకుండా కూర్చోవడం అలవాటైతే అదే గెలుపు. నిద్ర లేచే వేళని కూడా అప్పుడే కాలేజీ వేళకి తెచ్చుకోండి.

ఆగిన చదువుని అందుకున్నవాళ్లలో మనకి బాగా దగ్గరి పేరు దుర్గాబాయి దేశ్‌ముఖ్. ఇంగ్లిష్ మాధ్యమం వద్దని చిన్ననాడే బడి మానేశారామె. ఆడవాళ్లకి హిందీ నేర్పే బడి పెట్టారు. 1930 ఉప్పు సత్యాగ్రహం నుంచి జైళ్లకి వెళ్లొచ్చారు. పదేళ్లకు పైగా ఎడం తర్వాత బెనారస్ విశ్వవిద్యాలయం మెట్రిక్ రాశారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో రాజనీతి శాస్త్రం చదివి, 1942లో మద్రాసులో లా పట్టా అందుకున్నారు. అన్నేళ్లు పదును ఎలా నిలిచిందంటే, బడి మానేశారే గానీ పలక వదల్లేదు. తనకి రానిది నేర్చుకుంటూ, వచ్చింది పక్కవాళ్లకి నేర్పుతూ ఉన్నారు. తన దారి ఆడపిల్లలకీ తెరవాలని మెట్రిక్ శిక్షణ మొదలుపెట్టారు. 1937లో ఆంధ్ర మహిళా సభ అలా ఊపిరి పోసుకుంది.

మీ ఊళ్లో మీరు పెట్టాల్సిన బడి పెద్దదేం కాదు. పక్కింటి ఎనిమిదో తరగతి పిల్లకి సాయంత్రాలు లెక్కలు చెప్పండి. మీ ఏడాది ఎండిపోకుండా అదే కాపాడుతుంది.

ఇక తరగతిలో మొదటి రోజు. నిరుడు జూనియర్లుగా చూసినవాళ్లు పక్క బెంచీలో ఉంటారు. ఎవడో ఒకడు మర్యాదకి "అన్నా" అంటాడు. చురుక్కుమంటుంది. "పేరు పెట్టి పిలవరా" అని సరిదిద్దబోకండి. వారం తిరక్కుండా వాడే నోటు పుస్తకం పట్టుకొచ్చి "అన్నా, ఈ లెక్క ఎట్టా వచ్చింది?" అంటాడు. జరిగి చోటివ్వండి. మినుము వేసిన చేలో వరి ఎలా వస్తుందో అప్పుడు మీకే తెలుస్తుంది.