పులికాట్ ఈతపీతల పెరుగుదల: మరణాల లెక్కలో కలిసిపోయే వలస

కాణిపాకం పరిసరాల మాగాణి గట్లలో బొరియలు చేసుకొని బతికే ఎండ్రకాయకు ఉప్పునీటితో పనిలేదు. ఆడది గుడ్లను పొట్టకింది మడతలో మోస్తుంది. వాటినుంచి డింభకాలు కాక నేరుగా చిన్న పీతలే వెలువడతాయి. పుట్టుక, పెరుగుదల, మరణం ఒకే నీటివసతిలో జరుగుతాయి గనుక ఒక చెరువు ఆయకట్టులో సేకరించిన నమూనాలు అక్కడి ఎండ్రకాయల స్థితిని చాలావరకు తెలుపుతాయి. తూర్పున తిరుపతి జిల్లా అంచులో, సూళ్లూరుపేట, తడ ప్రాంతాలను ఆనుకొని ఉన్న పులికాట్ సరస్సులోని ఈతపీతల విషయం అలా కాదు. వాటి జీవితం రెండు నీళ్లలో నడుస్తుంది.

నీలి ఈతపీతను శాస్త్రజ్ఞులు పోర్చునస్ పెలాజికస్ అంటారు. చివరి జత కాళ్లు తెడ్లవలె చదునుగా ఉండటం దీని ప్రత్యేకత. మగది నీలివర్ణంలోను, ఆడది ఆకుపచ్చ కలిసిన గోధుమ వర్ణంలోను ఉంటాయి. ఎదగని ఆడపీత ఉదరఫలకం త్రికోణాకారంగా ఉండి, ప్రౌఢ దశలో వెడల్పై అర్ధవృత్తాకారం పొందుతుంది. 2010లో లాయ్, ఎన్‌జీ, డేవీ అనే శాస్త్రజ్ఞులు ఈ పేరు కింద చెలామణి అయిన పీతలను నాలుగు జాతులుగా విడదీశారు. బంగాళాఖాతంలో రెటిక్యులేటస్ జాతి కూడా ఉంది. అంతకుముందరి పెరుగుదల అంచనాలను పోల్చేటప్పుడు ఈ సంగతి మరువరాదు.

పులికాట్ లోతు తక్కువైన సరస్సు. ఈశాన్య రుతుపవనాల కాలంలో కాళంగి, ఆరణి నదుల వరదనీటితో ఉప్పదనం బాగా పడిపోతుంది. వేసవిలో నీరు ఆవిరై సముద్రపు నీటిని మించిన ఉప్పదనానికి చేరుతుంది. పిల్ల పీతలకు ఇక్కడ మేత, మరుగు దొరుకుతాయి. గుడ్లు పొదిగే ఆడపీతకు మాత్రం స్థిరమైన ఉప్పదనం కావాలి. అందుకే అది ముఖద్వారం గుండా సముద్రానికి పోతుంది. మొదట పసుపు, నారింజ రంగులో ఉన్న గుడ్లు పక్వమయ్యేసరికి నల్లబడతాయి. వెలువడిన డింభకాలు నాలుగు జోయియా దశలు, ఒక మెగలోపా దశ దాటి పీత రూపం పొందుతాయి. ఆ పిల్లల్లో కొన్ని అదే ద్వారం గుండా సరస్సుకు చేరతాయి.

పీత వయస్సు కనుగొనడం కష్టం. చేప చెవిరాయిలోని వలయాలను లెక్కించినట్లు ఇక్కడ లెక్కించడానికి వీలులేదు. కుబుసం విడిచినప్పుడల్లా పాత పెంకు పోతుంది. కనుక నెలనెలా పట్టుబడిన పీతల పెంకు వెడల్పులను కొలిచి, ఒక పరిమాణపు గుంపు ముందుకు జరిగే తీరునుబట్టి వయస్సును ఊహిస్తారు. 1938లో బెర్టలాన్‌ఫీ ప్రకటించిన సమీకరణాన్ని ఇందుకు వాడతారు. ఉదాహరణకు గరిష్ఠ వెడల్పు 180 మిల్లీమీటర్లు, వార్షిక వృద్ధి గుణకం 1.2 అనుకుంటే, ఆరు నెలలకు 81, ఏడాదికి 126, రెండేళ్లకు 164 మిల్లీమీటర్లు వస్తాయి. ఉష్ణమండలంలో సంతానోత్పత్తి దాదాపు ఏడాది పొడవునా సాగుతుంది గనుక గుంపులు ఒకదానిమీద ఒకటి పడి, ఈ చిత్రం అంత స్పష్టంగా కనిపించదు.

అంతకన్నా పెద్ద చిక్కు మరణాల లెక్కలో ఉంది. పెద్ద ఆడపీతలు సరస్సు నమూనాల్లో కనబడకపోతే గణితం వాటిని చనిపోయినవిగానే పరిగణిస్తుంది. అవి సముద్రానికి పోయి ఉండవచ్చునన్నది సమీకరణానికి తెలియదు. మొత్తం తగ్గుదల రేటు 4 అనుకుందాం. అందులో సహజ మరణం 1.5 అయితే, మిగిలిన 2.5 వేటదవుతుంది, వేట నిష్పత్తి 0.625. గల్లండ్ 1971లో సూచించిన 0.5 హద్దును అది దాటింది గనుక అతిగా వేటాడుతున్నారని తీర్పు వెలువడుతుంది. ఆ తగ్గుదలలో 1.2 వలస అయితే, వేట రేటు 1.3కు దిగుతుంది, నిష్పత్తి 0.46. అంకెలు ఊహించినవే. కాని అవే నమూనాలు, అదే గణితం రెండు విరుద్ధమైన తీర్పులకు దారితీయగలవు. మగ, ఆడ పీతలను కలిపి లెక్కించే అధ్యయనాలలో ఈ దోషం పైకి కనబడనైనా కనబడదు.

ఈ పొరపాటు వల్ల నష్టపోయేది జాలరి. రాయదొరువు వైపు ముఖద్వారం ఇసుకతో పూడుకొనిపోతే తల్లిపీత బయటికి పోలేదు, పిల్లపీత లోపలికి రాలేదు. పట్టుబడి తగ్గినప్పుడు, పూడికను గమనించని నివేదిక నేరాన్ని వలలమీద మోపుతుంది. వేటకు ఆంక్షలు వస్తాయి, ఇసుక మాత్రం అలాగే ఉంటుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవలకు విధించే వేట విరామం సముద్రానికి సంబంధించినది; సరస్సుకూ సముద్రానికీ మధ్య దారి మూసుకుపోతే దాని ఫలితం సరస్సును చేరదు.

కనుక నమూనాలను సరస్సు లోపల, ముఖద్వారంలో, తీర సముద్రంలో ఒకే నెలలో సేకరించవలసి ఉంటుంది. ఆడ, మగ పీతలను వేరుగా కొలవాలి. గుడ్ల రంగును, ఆనాటి ఉప్పదనాన్ని, వల కన్ను పరిమాణాన్ని నమోదు చేయాలి. పెంకుమీది గుర్తు కుబుసంతో పోతుంది గనుక, కుబుసం విడిచినా నిలిచే గుర్తులు వేసి వదిలితే వలస ఎంతో నేరుగా తేలుతుంది. నల్లగుడ్లతో ముఖద్వారంలో వలకు చిక్కిన పీత పోయే దారిలో ఉన్నదని జాలర్లకు తెలుసు. అది ఏ నెలలో, ఎంత ఉప్పునీటిలో, ఏ దిశగా పోతూ దొరికిందో వారిచేతనే రాయించే పట్టికతో ఈ అధ్యయనం మొదలుపెట్టవచ్చు.