తెర మీద సాహస బాలికలు

ఆదివారం వచ్చిందంటే మన హాస్టల్ హాల్లో టీవీ ముందు చాపలు పరుచుకుని కూర్చుంటాం. మనం చూసే సినిమాల్లో కొండలెక్కేది, విమానం నడిపేది ఎక్కువగా హీరోనే. అమ్మాయే కొండెక్కే సినిమాలు, అమ్మాయే లెక్క కట్టే సినిమాలు లేవా? ఉన్నాయి. పదో తరగతి చదువుతున్న మేము అలాంటి మూడు సినిమాల గురించి మా చెల్లెళ్లకు చెప్పదలచుకున్నాము. మూడింటికీ ఆధారం నిజ జీవితాలే.

1. పూర్ణ (2017)

ఈ హిందీ సినిమాకు దర్శకుడు రాహుల్ బోస్. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ మనలాగే ఇంటికి దూరంగా, సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో ఉండి చదువుకుంది. 2014 మే 25న, 13 సంవత్సరాల 11 నెలల వయసులో ఎవరెస్టు ఎక్కింది.

ఎవరెస్టు ఎత్తు 8,848.86 మీటర్లు. అక్కడ గాలి పీడనం సముద్ర మట్టం దగ్గర ఉండే దానిలో సుమారు మూడో వంతే. గాలిలో ఆక్సిజన్ శాతం మారదు. కాని గాలే పలచబడుతుంది కనుక ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్ తగ్గుతుంది. శరీరం దీనికి అలవాటు పడటానికి వారాలు పడుతుంది. అందుకే కొంత ఎక్కి, దిగి, మళ్లీ ఎక్కుతారు. అంతకు ముందు పూర్ణ భువనగిరి గుట్ట మీద, డార్జిలింగ్‌లో నెలల తరబడి శిక్షణ పొందింది.

2. ది ఈగిల్ హంట్రెస్ (2016)

ఇది డాక్యుమెంటరీ సినిమా. మంగోలియా దేశపు పడమటి కొండల్లో కజక్ కుటుంబంలో పుట్టిన ఐషోల్పాన్‌కు అప్పుడు 13 ఏళ్లు. బడి ఉన్న రోజుల్లో ఆమె కూడా హాస్టల్లోనే ఉండేది! నడుముకు తాడు కట్టుకుని కొండ చరియలోని గూటికి దిగి గద్ద పిల్లను తెచ్చుకుంది. తండ్రి దగ్గర దానికి శిక్షణ ఇవ్వడం నేర్చుకుని, ఉల్గీ పట్టణం దగ్గర జరిగిన గద్దల పోటీలో మొదటి స్థానం పొందింది. ఇది ఆడపిల్లల పని కాదని కొందరు పెద్దలు అనడం సినిమాలో చూస్తాం. కాని ఒక విచిత్రం గమనించండి. వేటకు వాళ్లు పెంచేది ఆడ గద్దనే. ఆ జాతిలో మగదాని కంటే ఆడదే పెద్దది, బలమైనది.

3. హిడెన్ ఫిగర్స్ (2016)

అమెరికా అంతరిక్ష సంస్థ నాసాలో పనిచేసిన ముగ్గురు నల్లజాతి మహిళల కథ ఇది. వారిలో కేథరిన్ జాన్సన్ గణిత శాస్త్రవేత్త. 1962 ఫిబ్రవరి 20న జాన్ గ్లెన్ భూమి చుట్టూ 3 సార్లు తిరిగి వచ్చాడు. బయలుదేరే ముందు, కంప్యూటర్ కట్టిన లెక్కలను ఆమె చేత సరిచూయించమని కోరాడు.

మనం కూడా సినిమాను సరిచూసుకోవాలి. నల్లవారికి కేటాయించిన మరుగుదొడ్డి కోసం కేథరిన్ చాలా దూరం పరుగెత్తినట్లు ఇందులో చూపారు. నిజానికి ఆమె దగ్గరలో ఉన్నదే వాడుకునేది. అలా వెతుక్కోవలసి వచ్చిన అవమానం ఆమె తోటి ఉద్యోగి మేరీ జాక్సన్‌ది.

చెల్లెళ్లారా! ఈ ముగ్గురి సాహసం ఒక్క రోజులో వచ్చింది కాదు. ఒకరు రోజూ కొండెక్కారు, ఒకరు గద్దను మచ్చిక చేశారు, ఒకరు లెక్కలు వదలలేదు. పూర్ణ సినిమాలో ఆమెతో ఆడుకున్న అక్కకు చిన్న వయసులోనే పెళ్లి చేసి పంపేస్తారు. మాలోనూ కొందరికి ఇళ్ల దగ్గర అప్పుడే సంబంధాల మాటలు వినిపిస్తున్నాయి. 18 ఏళ్లు నిండనిదే ఆడపిల్లకు పెళ్లి చేయరాదని చట్టం ఉంది. ఆ సంగతి ఇంట్లో చెప్పడానికి కూడా ధైర్యం కావాలి. ఒక్కరే చెప్పలేకపోతే టీచర్లను, వార్డెన్ మేడమ్‌ను తోడు తీసుకుందాం.

వచ్చే ఆదివారం ఏ సినిమా వేయాలని మేడమ్ అడిగితే, ఈ మూడింటిలో ఒకటి అడుగుదాం. సోమవారం లెక్కల పీరియడ్‌లో ముందు బెంచీలో కూర్చుందాం.