ఈజిప్టు సైన్యం అల్మరా నిండా

మాది ఆనందపురం. మావారు స్టీల్ ప్లాంటులో పనిచేసి రిటైరయ్యారు. అప్పట్నుంచీ ప్రాచీన ఈజిప్టు సైనికుల బొమ్మల పిచ్చి పట్టుకుంది. బొటనవేలంత కూడా ఉండవు. ఎప్పటివో పాత సీసపు బొమ్మలు ఇంగ్లండు నుంచి తెప్పిస్తారు. విలుకాళ్లు, బల్లేలవాళ్లు, రథాలు. టేబులు మీద పరిచి యుద్ధం ఆడతారట. ఆడగా నేనైతే చూడలేదు, అల్మరా నింపడమే. ధర అడిగితే “పాతవేలే” అంటారు. మొన్నటి పార్సిల్ నాకు తెలియకుండా పక్కింట్లో దించుకున్నారు. ఈమధ్య కొన్నిటి మీద తెల్లపొడి కనిపిస్తోంది. సంక్రాంతికి మా అమ్మాయి మూడేళ్ల కొడుకుతో వస్తోంది. వాడు దొరికిందల్లా నోట్లో పెట్టుకునే రకం. అన్నీ పాతసామాన్లవాడికి వేసేస్తానంటే ఇంట్లో గొడవ. సమాధుల దేశం బొమ్మలు ఇంటికి అరిష్టమని మా అక్క పోరు. ఏం చేయమంటారు?

— ఒక సోదరి, ఆనందపురం

అమ్మా, ముందు ఆ తెల్లపొడి సంగతి చూడండి. మిగతావి పండగయ్యాక తేల్చుకోవచ్చు. 1970లలో మినీఫిగ్స్, హించ్‌లిఫ్ వంటి బ్రిటిష్ కంపెనీలు ఇలాంటి బొమ్మల్ని సీసం కలిసిన లోహంతో పోతపోసేవి. చెక్క అల్మరాలో మూసిపెడితే చెక్కలోంచి వచ్చే ఆమ్లపు ఆవిరి, తేమ కలిసి సీసాన్ని తినేసి ఇలా పొడి చేస్తాయి. మన సముద్రపు గాలికి తేమ కొదవా! ఆ పొడిని ఊడ్చకండి, గీకకండి. చేతులకు తొడుగులు వేసుకుని బొమ్మల్నీ, అరల్నీ తడిగుడ్డతో తుడిచి గుడ్డ పారేయండి. తడి ఆరాక బొమ్మల్ని మూత బిగుసుకునే ప్లాస్టిక్ డబ్బాల్లో, సిలికా జెల్ పొట్లాలతో అటకెక్కించండి. పసివాళ్ల ఒంట్లో సీసం ఇంతవరకూ చేరినా ఫరవాలేదనే హద్దు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. బాబు ఇదివరకే వాటిని నోట్లో పెట్టుకుని ఉంటాడని అనుమానముంటే పిల్లల డాక్టరును అడిగి రక్తపరీక్ష చేయించండి. ఇక్కడ మాత్రం మొహమాటం వద్దు.

పాతసామాన్లకు వేయకండి. ఎవరో కరిగిస్తారు, ఆ పొయ్యి పక్కనా పిల్లలుంటారు.

అరిష్టమంటారా, హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో ఏకంగా మమ్మీయే ఉంది. ఊరికేం కాలేదు. అస్యూట్‌లో మెసెహ్తి అనే అధికారి సమాధిలో దాదాపు 4,000 ఏళ్లనాటి చెక్క సైనికులు దొరికారు, 40 మంది బల్లేలవాళ్లు, 40 మంది నూబియా విలుకాళ్లు. ఇది మాత్రం మీ అక్కగారి చెవిన వేయకండి.

పార్సిల్ పక్కింట్లో దించుకోవడం నాకూ నచ్చలేదు. పింఛనులోంచి బొమ్మలకు నెలకింత అని ఇద్దరూ కూర్చుని తేల్చండి. ఆ మొత్తానికి మళ్లీ లెక్క అడగకండి.

ఆడగా చూడలేదన్నారే, నాకు అక్కడే అనుమానం. ఇది ఇద్దరాడే ఆట. ఎదుటి మనిషి దొరక్క ఆయన సైన్యాన్ని పెంచుకుంటూ పోతున్నట్టుంది. 1990లో వచ్చిన డీబీఏ అనే ఆట నియమాల ప్రకారం పక్షానికి 12 దళాలే, గంటలో ఆట ముగుస్తుంది. మనవడు వెళ్లాక ఒక ఆదివారం మీరే ఎదురు కూర్చోండి. క్రీ.పూ. 1274 ప్రాంతంలో కాదేషు దగ్గర రెండో రామ్సెస్‌తో తలపడిన హిట్టైట్ల పక్షం తీసుకోండి. కొత్త బొమ్మలు కొనక్కర్లేదు, అట్టముక్కల మీద పేర్లు రాస్తే చాలు. ఈజిప్టు రథంలో ఇద్దరే, మీ రథంలో ముగ్గురు. ఆ యుద్ధంలో మొదటి దెబ్బ కూడా మీవాళ్లదే.