చీటీలో ‘క్రానిక్’ అంటే తగ్గదనా?

ప్రశ్న: మా నాన్నకు 55 ఏళ్లు. చిన్నప్పటి నుంచి బోరు నీళ్లే. పళ్లపై గోధుమరంగు చారలు, నడుము వంగడం లేదు. చీటీలో ‘క్రానిక్ ఫ్లోరోసిస్’ అని రాశారు. అంటే తగ్గదా?
– ఓ పాఠకురాలు, బొల్లాపల్లి మండలం

జవాబు: క్రానిక్ అంటే ఏళ్ల తరబడి మెల్లగా ముదిరిన జబ్బు అమ్మా. ప్రాణాంతకమని కాదు. నొప్పి, బిగుసుకుపోవడం లక్షణాలు. అసలు కారణం నీటిలోని ఫ్లోరైడ్. అది ఎముకల్లో, కీళ్ల చుట్టూ పేరుకుంటుంది. పళ్ల చారలు బాల్యంలో, పళ్లు తయారయ్యేటప్పుడే పడతాయి. బిగిసిన నడుము పూర్తిగా మామూలవడం కష్టం. ముదరకుండా మాత్రం ఆపొచ్చు.

ముందు నీళ్లు మార్చండి. గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికీ వంటకీ వాడొద్దు. కాచితే ఫ్లోరైడ్ పోదు, ఇంకా చిక్కబడుతుంది. ముఖ్యంగా ఎనిమిదేళ్లలోపు పిల్లలకు ఆ నీళ్లు పట్టొద్దు. పాలు, ఆకుకూరలు, ఉసిరి పెట్టండి. నొప్పి బిళ్లలు సొంతంగా మింగితే కిడ్నీలు దెబ్బతింటాయి.

కాళ్లలో తిమ్మిరి, నడక తడబాటు, మూత్రంపై అదుపు తప్పడం కనిపిస్తే వెన్నుపాము నొక్కుకుపోతున్నట్టు. ఆ రోజే గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రికి తీసుకెళ్లండి.